నీటిగొబ్బికి ఒక తడిమూల

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉగాది సభ అనగానే మామిడి చిగురు, వేపపూత, కోయిల పాట, ఈ మూడింటి ప్రస్తావన లేకుండా ఉపన్యాసం సాగదు. కోయిల పాటను గురించి చెప్పవలసినదంతా సాయంత్రం కవిసమ్మేళనంలో కవులే చెబుతారు. నేను కవిని కాను, రైల్వేలో గుమాస్తాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాణ్ణి. కాబట్టి పాటను వారికి వదలిపెట్టి, కోయిల కన్నును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కోయిల కన్ను అంటే పక్షి కన్ను కాదు. సంస్కృతంలో కోకిలాక్షమని పేరుగల ఒక మొక్క. మన తెలుగులో దానిని నీటిగొబ్బి అంటారు. నీరుగొబ్బి అనేవారున్నారు, గొలిమిడి అనేవారూ ఉన్నారు. కోయిల కన్ను ఎర్రగా ఉంటుంది. ఈ మొక్క గింజ కూడా ఎరుపు తిరిగిన గోధుమరంగులో ఉంటుంది. ఆ పోలిక చూచుకొని మనం సంతోషించవచ్చు.

నేను చెప్పదలచినది ఒక్కటే విషయం. మన ఇండ్ల వెనుక కుళాయి దగ్గర ఊరికే కారిపోయే నీటికి మూడడుగుల చోటు చూపించి, అక్కడ ఈ మొక్కను నిలబెట్టితే, దానిని నమ్ముకొని బ్రతికే ప్రాణులు వాటంతట అవే వస్తాయి. తోట అంటే మనం చూచి ఆనందించే పూలు మాత్రమే కాదు. ఇంకొకరికి ఇల్లు, తిండి కూడా. అటువంటి తోటకు ఎకరాలు అక్కరలేదు. ఒక తడిమూల చాలు.

మొదట మొక్కను గుర్తుపట్టడం ఎలాగో చెబుతాను. కాండం నిటారుగా, ఎక్కువగా కొమ్మలు లేకుండా, నూగుతో ఉంటుంది. కణుపుల దగ్గర ఉబ్బి ఉంటుంది. మామూలుగా మూడడుగుల ఎత్తు పెరుగుతుంది; నీరు, సత్తువ బాగా దొరికినచోట నాలుగడుగులు కూడా దాటుతుంది. ప్రతి కణుపు దగ్గర ఆకులు చక్రంలాగ అమరి ఉంటాయి. ఆరు ఆకులుంటే వాటిలో బయటి రెండు పొడవు, లోపలి నాలుగు పొట్టి. ఒక్కొక్క ఆకు మొదట ఒక్కొక్క పసుపుపచ్చని ముల్లు, అంగుళం పైచిలుకు పొడవు, సూదివలె తిన్నగా. ఆ ముళ్ళ నడుమనే పూలు. కణుపుకు నాలుగు జతలు, అంటే ఎనిమిది పూలు. రంగు ఊదా కలిసిన నీలం. పువ్వుకు పైపెదవి, క్రిందిపెదవి వేరువేరుగా కనిపిస్తాయి. తేనెటీగ వచ్చినప్పుడు క్రిందిపెదవిమీద వాలి లోపలికి దూరుతుంది. దూరినప్పుడు పుప్పొడి దాని ఒంటికి అంటుకొంటుంది.

ఇది అడ్డసరం, నేలవేము, కనకాంబరం పుట్టిన కుటుంబంలోదే. కనకాంబరాన్ని మన ఆడవారు జడలో తురుముకొంటారు. దాని దాయాది అయిన నీటిగొబ్బిని మాత్రం ముళ్ళకు భయపడి ఎవరూ ముట్టుకోరు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు హైగ్రోఫిలా ఆరిక్యులేటా. హైగ్రోఫిలా అన్నది గ్రీకు మాటలనుండి కట్టిన పేరు; తడిని ప్రేమించేది అని అర్థం. పాత పుస్తకాలలో దీని పేరు ఆస్టెరకాంతా లాంగిఫోలియా. అంటే నక్షత్రంలాగ ముళ్ళుగలది, పొడుగు ఆకులది. ఈ రెండు పేర్లూ కలిపితే మొక్క స్వరూపమూ, స్వభావమూ రెండూ వచ్చేస్తాయి.

ఇక ఇది ఎక్కడ పెరుగుతుందంటే, వరిచేల గట్లమీద, చెరువు శిఖంలో, కాలువ ఒడ్డున, వాన కురిస్తే నిండి వేసవికి ఎండిపోయే గుంటలలో. ఒరిస్సాలో రైలు పట్టాల ప్రక్కన ఉన్నవారికి ఇది కొత్తది కాదు. బెజవాడనుండి కటకం వరకు ఈ తూర్పుకోస్తా లైను 1893 నుండి 1896 లోపల వేసి బండ్లు నడిపినారు. లైను వేయాలంటే కట్ట ఎత్తవలె. కట్టకు కావలసిన మన్ను దూరంనుండి తేరు కదా, ప్రక్కనే త్రవ్వి పోస్తారు. అట్లా మన్ను తీసిన గుంటలు లైను పొడుగునా మిగిలిపోయినాయి. వానకాలంలో అవి నిండుతాయి. జమ్ము మొలుస్తుంది, కలువ పూస్తుంది, ఒడ్డున నీటిగొబ్బి లేస్తుంది. బండి కిటికీ ప్రక్కన కూర్చుని శీతకాలంలో ప్రయాణం చేసేవారు బయటికి చూస్తే, బురదగుంట ఒడ్డున ఊదారంగు పూల కంకులవంటివి కనిపిస్తాయి. ఎవరూ నాటినవి కావు. ఎవరూ నీరు పోసినవీ కావు.

రైలు లైను వచ్చిన తరువాత దాని వెంబడి పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. కాని నీటిగొబ్బి అట్లా వచ్చినది కాదు. అది మనకంటె ముందే ఇక్కడ ఉన్నది. ఇది భారతదేశమంతటా తడినేలల్లో సహజంగా పుట్టే మొక్క. ఒడియావారు దీనిని కొయిలిఖియా అంటారు. ఆ పేరులో కూడా కోయిలే ఉన్నది, గమనించండి. బెంగాలీలో కులేఖాడా. తమిళనాట స్థిరపడిన మనవారికి నీర్ముళ్ళి అంటే వెంటనే తెలుస్తుంది, నీటిముల్లు అన్నమాట. కర్ణాటకలో కొళవళికె. షోలాపూరు, బొంబాయి వైపు ఉన్న మన చుట్టాలు తాలీమ్‌ఖానా అంటే గుర్తుపట్టుతారు. ఏ ఊరు వెళ్ళినా మొక్క ఒక్కటే, పేరు మాత్రం ఆ ఊరిది. పిల్లలకు ఇక్కడి పేరు బడిలో తోటిపిల్లలు నేర్పుతారు. తెలుగు పేరు నేర్పవలసినది మనమే. మొక్క కంటికెదురుగా ఉంటేనే పేరు నోట నిలుస్తుంది. లేకపోతే నిఘంటువులో మిగులుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. ఈ గుంటలు తగ్గిపోతున్నాయి. కొత్త లైన్లు కావలె, రోడ్లు కావలె, ఇండ్లు కావలె. వద్దనడానికి మనమెవరం? మన ఉద్యోగాలు కూడా వాటిమీదనే ఆధారపడి ఉన్నాయి. కాని గుంట పూడ్చినప్పుడల్లా అక్కడి కప్ప, తూనీగ, సీతాకోక, నీటిగొబ్బి, అన్నీ ఒక్క రోజులో నిలువనీడ లేనివవుతాయి. పెద్ద సరస్సులకు కొంత రక్షణ ఉన్నది. 1971లో ఇరాను దేశంలోని రామ్‌సర్ పట్టణంలో తడినేలలను కాపాడుకోవడానికి దేశాలు ఒక ఒడంబడిక చేసుకొన్నాయి. ఆ జాబితాలో మన చిలికసరస్సు 1981లో, ఆంధ్రదేశంలోని కొల్లేరు 2002లో చేరినాయి. సంతోషం. కాని పెంకుటింటి వెనుక గుంటను, పట్టాల ప్రక్క మడుగును ఏ జాబితాలోనూ ఎవరూ వ్రాయరు. వాటి సంగతి వాటి ప్రక్కన కాపురముండే మనవంటివారే చూచుకోవలె. పోయిన గుంటను మనం తిరిగి తెచ్చుకోలేకపోవచ్చును. దానిలో ఒక చిన్న భాగాన్ని పెరటిలో నిలుపుకోవడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

ఈ మొక్కను పెంచితే వచ్చే అతిథులు ఎవరంటే, మొదట తేనెటీగలు, తుమ్మెదలు. తరువాత సీతాకోకచిలుకలు. వాటిలో ఒకదానిని గురించి ప్రత్యేకంగా చెప్పవలె. నారింజపండు రంగు రెక్కలు, ఆ రెక్కలమీద నెమలిపింఛంలో ఉన్నటువంటి పెద్ద కన్ను. ఆంగ్లంలో దానిని పీకాక్ పాన్సీ అంటారు. నెమలికన్ను సీతాకోక అని మనం పిలుచుకొందాం. అది ఎన్నో పూలమీద వాలి తేనె త్రాగుతుంది. కాని గ్రుడ్లు మాత్రం దొరికిన ప్రతి మొక్కమీదా పెట్టదు. దాని పిల్లలు తినగలిగిన కొన్ని మొక్కలున్నాయి. వాటిలో ముఖ్యమైనది మన నీటిగొబ్బి. కోయిల కన్నుమీద నెమలి కన్ను పెరుగుతుందన్నమాట! పూలతోట ఎంత పెద్దదైనా, పిల్లలకు తిండి పెట్టే ఆకు లేకపోతే సీతాకోక చుట్టపుచూపుగా వచ్చి పోతుంది; కాపురం పెట్టదు.

దీనిలో ఇంకొక విశేషమున్నది. వానకాలంలో పుట్టిన నెమలికన్ను సీతాకోక రెక్కలు ముడిచినప్పుడు అడుగువైపున కూడా కళ్ళు కనిపిస్తాయి. వానలు వెళ్ళి ఎండుకాలం వచ్చిన తరువాత పుట్టినదానికి అడుగున కళ్ళు మాసిపోయి, రంగు ఎండుటాకులాగ, రెక్క అంచు కోసుగా మారుతుంది. పచ్చని కాలంలో ఒక వేషం, ఎండిన కాలంలో మరొక వేషం. జాతి ఒక్కటే. పిల్లలు ఆషాఢంలో ఒకసారి, మాఘంలో ఒకసారి జాగ్రత్తగా చూస్తే ఈ తేడా పట్టుకోగలరు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, టిక్కెట్టు అంతకంటె అక్కరలేదు.

ఇక పెంచే పద్ధతికి వస్తాను.

ఇప్పుడు చైత్రం. గుంటలు ఎండినాయి. నీటిగొబ్బి కూడా ఎండి, ముళ్ళతో కట్టెలాగ నిలబడి ఉంటుంది. గింజలు సేకరించడానికి ఇదే సమయం. చేతికి మందపాటి గుడ్డగాని గోనెపట్టగాని చుట్టుకొని, కొడవలితో ఒకటి రెండు కాడలు కోసి, పాత చాపమీద పరచి కర్రతో తట్టవలె. చిన్న కాయలు రెండుగా చీలి, చదునైన గింజలు రాలుతాయి. కనిపించినవన్నీ కోసుకొని రావద్దు. పిడికెడు గింజలు నలుగురికి చాలును; మిగిలినవి ఆ గుంటకే చెందుతాయి. పట్టాల దాకా పోయి, బండ్లు తిరిగే చోట గింజల కోసం దిగడం ఎంతమాత్రం కూడదు. వరిచేల ప్రక్కన, చెరువు ఒడ్డున కావలసినన్ని ఉంటాయి. గింజలను నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టి, పొట్లంమీద తేదీ, ఊరు వ్రాసి దాచవలె. వనమూలికల దుకాణాలలో తాలమఖానా పేరుతో అమ్మే గింజలు ఇవే. కాని అవి ఎప్పటివో తెలియవు, మొలుస్తాయన్న నమ్మకం లేదు. ఇంకొక మాట. ఈమధ్య అందరూ నేతిలో వేయించుకొని తింటున్న మఖానా వేరు, అది నీటికలువ జాతి గింజ. పేరు చూచి మోసపోవద్దు.

విత్తడానికి సమయం తొలివానలు. మృగశిర కార్తెలో మబ్బు పట్టుతుంది. మనమున్న ఈ ఒడియా దేశంలో జూను నడుమ రజపండుగ వస్తుంది. ఆ మూడు దినాలూ భూదేవికి విశ్రాంతి అని ఇక్కడివారు నేల దున్నరు, త్రవ్వరు. మనమూ ఆ మర్యాద పాటించి, పండుగ వెళ్ళిన మరునాడు గునపం పట్టుకొంటే ఋతువుకూ సరిపోతుంది, ఇరుగుపొరుగుకూ బాగుంటుంది.

కుళాయిగట్టు నీరు పారే వైపున, ఎండ కనీసం అయిదారు గంటలు పడే చోట, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు మన్ను త్రవ్వండి. చెరువుమట్టిగాని బంకమన్నుగాని రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి తిరిగి నింపండి. నేలమట్టానికి ఒక అంగుళం తక్కువగా ఉంచితే చాలును. పెరడు లేనివారు, మేడమీద కాపురమున్నవారు పనికిరాని సిమెంటు తొట్టిని వాడవచ్చును. మామూలు పూలకుండీకి నీరు పోవడానికి అడుగున చిల్లి కావలె. దీనికి ఆ చిల్లి మూసివేయవలె. అంతే తేడా.

ఈ గింజలకు నీరు తగిలిందంటే చుట్టూ జిగురు పుట్టి ఒకదానికొకటి అంటుకొంటాయి. కనుక మెంతుల వలె ముందుగా నానబెట్టరాదు. పొడి ఇసుకలో కలిపి, తడిమట్టిమీద పలుచగా చల్లి, పైన వేలి మందాన మట్టి రాల్చితే చాలును. మొలిచి నాలుగైదు ఆకులు తొడిగిన తరువాత, ముళ్ళు ఇంకా గట్టిపడక మునుపే, మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడముంచి మిగిలినవి తీసివేయవలె. మూడడుగుల మడిలో మూడు మొక్కలకు మించి వద్దు. వానకాలంలో దానికి మీరు చేయవలసిన పనేమీ ఉండదు. వానలు వెళ్ళిన తరువాత మాత్రం మట్టి ఆరకుండా చూడండి. బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, కుళాయి క్రింద కారిన నీరు, ఇవే చాలు. సబ్బునీరు మాత్రం పోయవద్దు.

వానలు వెనుకబట్టిన తరువాత పూత మొదలవుతుంది. గొబ్బెమ్మలు పెట్టే ధనుర్మాసంనాటికి కణుపు కణుపునా పూలతో నిండుగా ఉంటుంది. మాఘ ఫాల్గుణాలలో కాయ ముదిరి మొక్క ఎండుతుంది. ఎండినవెంటనే పీకి పారేయవద్దు. గింజలు తీసుకొని, కాడలను కొన్నాళ్ళు అట్లాగే నిలిపితే చిన్న పురుగులు వాటి చాటున తలదాచుకొంటాయి. మరుసటి ఏడు మళ్ళీ గింజ చల్లుకొనడమే మేలు.

అన్నిటికంటె కష్టమైన పని ఒకటి ఉన్నది. ఆకులకు చిల్లులు పడడం చూచి ఊరుకొనడం. నల్లగా, ఒళ్ళంతా కొమ్మల ముళ్ళతో ఉన్న గొంగళిపురుగు ఆకు కొరుకుతూ కనిపిస్తే మన చేయి వెంటనే మందు డబ్బా వైపు పోతుంది. అక్కడ ఆగవలె. ఆ పురుగే నెమలికన్ను సీతాకోక. పురుగు వద్దు, సీతాకోక కావలెనంటే కుదరదు. గులాబీ ఆకుకు చిల్లి పడితే నష్టమేమో. నీటిగొబ్బి ఆకుకు చిల్లి పడిందంటే మనం వేసిన మొక్క ఫలించిందన్నమాట. ఆ మూల దరిదాపులలో పురుగుమందు వాడరాదు.

పెద్దలలో కొందరికి ఇప్పటికే సందేహాలు కలిగి ఉంటాయి. మొదటిది దోమలు. ఇది తోసివేయదగిన సందేహం కాదు. మలేరియా క్రిమి అనాఫిలిస్ జాతి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డు రాసు కనిపెట్టినది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన. ఆ సంగతి తెలిసిన జాతివారం మనం నీరు నిలవబెట్టి దోమలను పెంచరాదు. కాని నీటిగొబ్బికి కావలసినది తడిమట్టి, నిలవనీరు కాదు. పోసిన నీరు ఆ పూటకు ఇంకిపోయేటట్లు చూచుకొంటే దోమకు తావుండదు. వేడిమిగల రోజులలో దోమ గ్రుడ్డునుండి రెక్కలు వచ్చి ఎగరడానికి వారం పదిరోజులు పట్టుతుంది. కాబట్టి తొట్టిలో నీరు నిలిచినట్లు కనిపిస్తే వారానికొకసారి తప్పకుండా వంపివేయండి. తొట్టి పెద్దదై నీరు ఉంచదలచుకొంటే నాలుగు గప్పీచేపలు వేయండి. అవి దోమపిల్లలను తింటాయి. ఆ చేపలను మాత్రం బయటి చెరువులో వదలకండి. అవి ఈ దేశపు చేపలు కావు. ఇంటి చుట్టూ పడి ఉన్న పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, పగిలిన డబ్బాలు ముందు తీసివేసి, ఆ తరువాత ఈ మొక్క జోలికి రండి. దోమ ఎక్కువగా పుట్టేది వాటిలోనే.

రెండవది ముళ్ళు. నిజమే, గుచ్చుకొంటే బాధగానే ఉంటుంది. పిల్లలు పరుగులెత్తే దారిలో, బట్టలారవేసే తీగ క్రింద నాటవద్దు. గోడమూల దానికి తగిన చోటు. ఆ ముళ్ళవల్ల ఒక లాభమూ ఉన్నది. మేకలు, ఆవులు దీని జోలికి రావు. ఎన్ని పూలమొక్కలు పెట్టినా మేకల పాలవుతున్నాయని వాపోయేవారికి కంచె అక్కరలేని మొక్క ఇది.

మూడవది పాములు. తడి ఉన్నచోటికి కప్ప వస్తుంది, కప్ప ఉన్నచోటికి పాము రావచ్చును. అందుచేత మడి ప్రక్కన ఇటుకలు, కట్టెలు, చెత్త పోగుచేయవద్దు. పడకగది కిటికీ క్రింద మడి కట్టవద్దు. చీకటి పడిన తరువాత దీపం లేకుండా అటు పోవద్దు. ఈ జాగ్రత్తలు మడి ఉన్నా లేకపోయినా మంచివే.

నాలుగవది, ఇది వరిచేలో కలుపు కదా అన్న సందేహం. మీ పెరటికి ఆనుకొని ఎవరి వరిమడి అయినా ఉంటే, కాయ ముదరకముందే కాడలు కోసివేయండి. పొరుగువాని పొలంలో గింజ రాల్చి సీతాకోకల పేరు చెప్పుకొనడం న్యాయం కాదు.

ఈ సందర్భంలో ఇంకొక హెచ్చరిక చేయవలె. తడిచోట ఊదారంగు పూలు పూసే ప్రతి మొక్కా మంచిదని అనుకోవద్దు. గుర్రపుడెక్క పువ్వు కూడా చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆ మొక్క మన చెరువులను ఎట్లా కప్పివేసినదో వేరే చెప్పనక్కరలేదు. లొట్టపీసు సంగతీ అంతే. అదీ అమెరికా ఖండంనుండి వచ్చినదే. ఇతర దేశాలలో కూడా ఇటువంటి అనుభవమే ఉన్నది. ఐరోపాలో ఏటి ఒడ్డున పుట్టే పర్పుల్ లూస్‌స్ట్రయిఫ్ అనే పొడుగాటి ఊదాపూల మొక్క ఉన్నది. అక్కడ అది తేనెటీగలకు ప్రియమైనది. తోటలలో ఆదరంగా పెంచుతారు. అదే మొక్క పందొమ్మిదవ శతాబ్దం మొదట ఉత్తర అమెరికా చేరి, అక్కడి తడినేలలను ఆక్రమించి, స్థానికమైన మొక్కలకు చోటు లేకుండా చేసినది. చివరకు 1992లో దానిని తినే పురుగులను ఐరోపానుండి తెప్పించి వదలవలసివచ్చినది. పుట్టినచోట మొక్కను అదుపులో పెట్టే పురుగు, తెగులు దానితోనే ఉంటాయి. వాటిని వదలి మొక్క ఒక్కటే సముద్రం దాటితే పట్టపగ్గాలుండవు. కనుక నీటి మొక్కలను నర్సరీలో రంగు చూచి కొనవద్దు. ఈ నేలలో మొదటినుండీ ఉన్న మొక్కనే పెంచండి. నీటిగొబ్బిని సీతాకోక పిల్ల తింటుందంటే, అది ఇక్కడి లెక్కలో ఉన్న మొక్క అని అర్థం.

మందు విషయం కూడా ఒక మాట చెప్పక తప్పదు. కోకిలాక్షం ఆయుర్వేదంలో పేరుపొందినది. గింజ, వేరు, ఆకు అన్నీ వైద్యులు వాడుతారు. బెంగాలీల ఇండ్లలో రక్తం పట్టడానికని లేత ఆకు రసం ఇస్తారు; కూరగా కూడా వండుతారు. అంతమాత్రంచేత మురుగుకాలువ ఒడ్డున పెరిగిన ఆకు తెచ్చి వండుకోవద్దు. ఆ నీటిలోని విషమంతా ఆకులోకి చేరవచ్చును. గర్భిణీ స్త్రీలుగాని, జబ్బుతో ఉన్నవారుగాని డాక్టరును అడగకుండా వాడరాదు. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానరాదు. నేను ఈ మొక్కను పెంచమంటున్నది సీతాకోక కోసం. మన వైద్యం కోసం కాదు.

రైల్వే క్వార్టర్లలో కాపురముండేవారు నాతో తరచుగా ఒక మాట అంటూ ఉంటారు. "ఈ ఇల్లు మనదా, ఈ నేల మనదా? రేపు బదిలీ అయితే ఎవరు చూస్తారండీ!" అని. ఆ మాటలో నిజమున్నది. మామిడిమొక్క నాటితే కాయ తినేది మన తరువాత వచ్చినవారు. అందుకే మన పెరళ్ళు చాలావరకు ఉత్త సిమెంటుగట్లు. కాని నీటిగొబ్బి నాటిన ఏడాదే పూస్తుంది, ఆ ఏడాదే గింజ ఇస్తుంది. బదిలీ ఉత్తరువు వచ్చినా ఒక పొట్లం జేబులో పెట్టుకొని పోవచ్చును. మీరు వెళ్ళిన ఊరిలోనూ ఆ మొక్క ముందే ఉంటుంది. అక్కడి పేరు అడిగి తెలుసుకొంటే, పలకరించడానికి పొరుగువారు కూడా దొరుకుతారు. త్రవ్వేముందు ఇంటి యజమానికిగాని, ఆఫీసువారికిగాని ఒక మాట చెప్పడం మంచిది. తొట్టిలో పెంచేవారికి ఆ ఇబ్బంది కూడా లేదు.

పిల్లలకు ఒక పని చెబుతాను. స్టేషనులో బండ్ల రాకపోకల పట్టిక ఉంటుంది కదా. అటువంటిదే ఒక నోటుపుస్తకంలో మీ మొక్కకు వ్రాయండి. ఎడమవైపు తేదీ, వేళ. కుడివైపు వచ్చినదెవరు, వాలినదెక్కడ, ఏమి చేసినది. ఉదయం ఎనిమిదింటికి తేనెటీగ, పదింటికి నెమలికన్ను, సాయంత్రం తూనీగ, ఇట్లాగ. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి. మొదటి పువ్వు విచ్చిన తేదీ, మొదటి గొంగళిపురుగు కనిపించిన తేదీ తప్పకుండా వ్రాయండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం ఏ అచ్చుపుస్తకంలోనూ లేని సంగతులు చెబుతుంది. వచ్చే ఉగాది సభలో పెద్దల ఉపన్యాసాలకు బదులు ఆ పుస్తకాలే చదివించవలెనని కార్యవర్గమువారికి నా మనవి. తెలుగు వ్రాయడం మరచిపోతున్న పిల్లలకు వ్రాయడానికి ఒక సంగతి దొరుకుతుంది. చూచినదానిని వ్రాయడానికి భాష దానంతట అదే కదులుతుంది.

మన సంఘం భవనం వెనుక చేతిపంపు ఉన్నది. దాని నీరు వీధిలోకి పారి, దారిన పోయేవారికి ఇబ్బందిగా ఉన్నదని అందరికీ తెలుసు. ఆ నీటికి అడ్డంగా మూడడుగుల మడి ఒకటి కట్టితే వీధి ఆరుతుంది, మడి తడుస్తుంది. దీనికి చందా అక్కరలేదు. ఇద్దరు ముగ్గురు యువకులు ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు వస్తే చాలును. రజపండుగ వెళ్ళిన తరువాత వచ్చే మొదటి ఆదివారం నేను పార పట్టుకొని వస్తాను. వచ్చేవారు తమ పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వగోరుతాను.

సభ ముగిసిన తరువాత ప్రసాదం పంచే బల్ల ప్రక్కన కాగితపు పొట్లాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో చిటికెడు నీటిగొబ్బి గింజలు ఉన్నాయి. పొట్లంమీద పేరు తెలుగులోనూ, ఒడియాలోనూ వ్రాసినాను. ఇంటికి ఒకటి చొప్పున తీసుకొని, వానలు వచ్చేదాకా తడి తగలకుండా దాచండి. విత్తడానికి చోటు లేనివారు తీసుకొని, చోటున్న పొరుగువారికి ఇవ్వండి. వారు ఏ భాషవారైనా సరే.

 ఈ కొత్త సంవత్సరం మీ ఇండ్లకు ఆరోగ్యమూ, మీ పెరళ్ళకు సకాలవర్షమూ తీసుకొని రావలెనని కోరుతూ సెలవు తీసుకొంటాను. నమస్కారం.